ఉపగ్రహాలకు ఏ యాంటెన్నా? ముందు చేత్తో పట్టుకునే యాగి చేసుకోండి

హ్యామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్సు వచ్చింది, 5 వాట్ల డ్యూయల్ బ్యాండ్ హ్యాండీ (రెండు బ్యాండ్లలో పనిచేసే చేతి రేడియో) ఉంది, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రిపీటర్‌లో (మన సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే రేడియోలో) మాట్లాడాలి. వనపర్తిలో మా డాబా మీద రొటేటర్‌తో (యాంటెన్నాను తిప్పే మోటారుతో) పెద్ద యాగి (పాత టీవీ యాంటెన్నాలా వరుస కడ్డీలతో ఒకే దిక్కుకు గురిపెట్టేది) పెట్టాలా, నిలువు యాంటెన్నా సరిపోతుందా అని మీరు అడిగారు. ఇప్పటికి రెండూ వద్దండి.

మిర్యాలగూడలో నేను మొదట నిలువు యాంటెన్నాయే పెట్టాను. నీళ్ల ట్యాంకు పక్కన పైపు, అక్కడి నుంచి గదిలోకి 15 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్. నేల మీది స్టేషన్లు బాగానే వినిపించేవి. కేంద్రం నడినెత్తి మీదికి వచ్చేసరికి మాత్రం గొంతు మాయం. నిలువు యాంటెన్నాకు నేరుగా పైకి చూపు ఉండదు. పైగా 437 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ సన్న కేబుల్ సగానికి పైగా సిగ్నల్‌ను మింగేస్తుంది. ఆ డబ్బు పోయినందుకు ఇప్పటికీ బాధే.

తర్వాత పాత సామాన్ల కొట్టులో టీవీ యాంటెన్నా అల్యూమినియం గొట్టాలు కొని, చెక్క రీపరుకు బిగించాను. 2 మీటర్ల బ్యాండ్‌కు (145 మెగాహెర్ట్జ్ ప్రాంతం, మనం పంపేది) 3 ఎలిమెంట్లు (కడ్డీలు), 70 సెంటీమీటర్ల బ్యాండ్‌కు (437 ప్రాంతం, మనం వినేది) 5, ఒకదానికొకటి అడ్డంగా. కేబుల్ పొడవు ఒక మీటరు కూడా లేదు. మొదటి రోజే తేడా తెలిసిపోయింది. ఇంకా ఎక్కువ ఎలిమెంట్లు పెడితే బలం పెరుగుతుంది కానీ గురి సన్నబడుతుంది, కదిలే దాన్ని చేత్తో వెంటాడడం కష్టం. కేంద్రం నెత్తి మీద ఉంటే దూరం 400 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, దిక్కు అంచున ఉంటే 2,000 దాటుతుంది. యాగి బలం అసలు అవసరమయ్యేది ఆ అంచు దగ్గరే.

చేతి యాగిలో నాకు అన్నిటికన్నా నచ్చేది మణికట్టు. పాస్ (కేంద్రం మన ఆకాశం మీదుగా ఒకసారి దాటడం) నడుస్తుండగా సిగ్నల్ ఉన్నట్టుండి తగ్గిపోతుంది. గురి తప్పిందనుకుని నేను యాంటెన్నాను అటూ ఇటూ ఊపేవాణ్ని. ఫోన్‌లో ఒక సీనియర్ హ్యామ్ 'గురి కదపకు, తిప్పు' అన్నారు. బూమ్‌ను (ఎలిమెంట్లు బిగించిన రీపరును) అదే గురిలో ఉంచి పావు చుట్టు తిప్పానో లేదో, గొంతు స్పష్టంగా వచ్చేసింది. తరంగం పోలరైజేషన్ (అది ఊగే దిశ) మారుతూ ఉంటుంది, దానితో పాటు మనమూ తిరగాలి. బిగించేసిన మామూలు యాగికి ఈ వీలు లేదు.

పంపేది 145.990 మెగాహెర్ట్జ్, రిపీటర్‌ను తెరిచే 67 హెర్ట్జ్ టోన్‌తో. వినేది 437.800. డాప్లర్ (కేంద్రం వేగంగా కదలడంతో ఫ్రీక్వెన్సీ మారినట్టు అందడం) వల్ల పాస్ మొదట్లో 437.810 దగ్గర విని, చివరికి 437.790కి దిగాలి. ఈ మెట్లను ముందే మెమరీలో పెట్టుకోండి. రిపీటర్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. తర్వాత రెండో రేడియోతో మీ గొంతు మీరే వినాలనుకుంటే మధ్యలో డ్యూప్లెక్సర్ (రెండు బ్యాండ్లను విడదీసే ఫిల్టర్) పెట్టుకోండి. పంపే సిగ్నల్ కొంత మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలోనూ వెలువడుతుంది: 145.990కి మూడు రెట్లు 437.970, అది వినే ఫ్రీక్వెన్సీకి పక్కనే పడి రిసీవర్‌ను చెవిటిది చేస్తుంది.

కేంద్రం ఎక్కువగా నైరుతి నుంచి ఈశాన్యానికి, లేదంటే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతుంది. ఆ దిక్కుల్లో గుట్ట, కరెంటు తీగలు అడ్డు లేని మూల చూసుకోండి. మొదటి నాలుగైదు పాస్‌లు దిక్కు అంచు నుంచి 40 డిగ్రీల ఎత్తు దాటేవి ఎంచుకుని, ఊరికే వినండి.

రొటేటర్ సంగతి ఆరు నెలల తర్వాత చూద్దాం. అప్పటికి కావాలనిపిస్తే యాగిని 30 డిగ్రీల వాలుకు బిగించి, పక్కలకు తిప్పే చిన్న మోటారు ఒక్కటి పెట్టినా చాలా పాస్‌లు అందుతాయి.