ఏబీఐ 1.45 వస్తే కాళ్ల రక్తనాళాలు బాగున్నట్టేనా?

మీ నాన్నగారి ఏబీఐ (చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే వచ్చే అంకె) 1.45 వచ్చిందని, రిపోర్టులో ‘తక్కువ లేదు’ అని రాశారని అడిగారు. ఆ 1.45 మంచి అంకె కాదు. మీ నాన్నగారికి ఏళ్లుగా షుగరు ఉందన్నారు కాబట్టి, చీలమండ దగ్గరి ధమనుల్లో కాల్షియం పేరుకుని గోడలు గట్టిపడి ఉండవచ్చు. అలాంటి ధమని బీపీ పట్టీకి నొక్కుకుపోదు, అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది. 0.90 లేదా అంతకు తక్కువైతే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు, 1.40 దాటితే ఆ పరీక్షను నమ్మలేము. రిపోర్టులో ‘తక్కువ లేదు’ అని రాసి వదిలేయడం సరికాదు. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతోందంటే అడ్డంకి ఉందన్న అనుమానం ఇంకా బలపడుతుంది.

1. చాలామంది వదిలేసేది ఇదే: కాలి బొటనవేలి దగ్గర రక్తపోటు కొలిపించండి. వేలి ధమనులు సాధారణంగా అంతగా గట్టిపడవు. వేలి పీడనాన్ని చేతి పీడనంతో భాగిస్తే 0.70 లేదా అంతకు తక్కువ వస్తే రక్తప్రసరణ తగ్గినట్టే. పరీక్షకు ముందు కనీసం ఐదు నిమిషాలు పడుకోబెట్టాలి, పాదాలు వెచ్చగా ఉండాలి.

2. తర్వాత కాళ్ల డాప్లర్ స్కాన్ (ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని చూసే పరీక్ష). వాస్క్యులర్ సర్జన్‌కే (రక్తనాళాల శస్త్రవైద్యుడికే) చూపించండి.

3. బీడీ, సిగరెట్ ఉంటే ఈరోజే ఆపించండి. గుండె పరీక్ష, కొలెస్ట్రాల్ మందు గురించి కూడా అడగండి.

పాదంలో మానని పుండు, రాత్రిపూట పడుకున్నా నొప్పి, కాలు హఠాత్తుగా చల్లబడి పాలిపోవడం: వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.