సెలబ్రిటీలు చెప్పాలా వద్దా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. పేరున్నవాళ్ళు, అంటే యాక్టర్లు, సింగర్లు, ప్లేయర్లు తాము గేనా లెస్బియనా బైసెక్సువలా (ఆడా మగా ఇద్దరినీ ఇష్టపడేవాళ్ళా) అన్నది జనానికి ఓపెన్‌గా చెప్పాలా అక్కర్లేదా అని. కొందరు కోపంగా రాశారు, కొందరు బాధతో రాశారు, అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాం. తమ పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేర్లూ వేయట్లేదు.

ప్రశ్న: వీళ్ళు ఏం తింటున్నారో ఏం తొడుక్కున్నారో కూడా ఇన్‌స్టాలో పెడతారు, పెళ్ళి ఫొటోలు మ్యాగజైన్లకి ఇస్తారు. ఇదొక్కటి మాత్రం పర్సనల్ అంటే ఎలా? మా ఫ్యాన్స్ వల్లే కదా వాళ్ళు ఆ స్థాయిలో ఉన్నది, తెలుసుకునే హక్కు మాకు లేదా?

లేదండీ. మీరు టికెట్ కొన్నారు, వాళ్ళు నటించారు, లెక్క అక్కడికి సరిపోయింది. పెళ్ళి ఫొటో పెట్టారంటే అది పెట్టాలని వాళ్ళకి అనిపించింది కాబట్టి పెట్టారు, ఒకటి చూపించినవాళ్ళు అడిగినవన్నీ చూపించాల్సిందే అంటే ఇక మనిషికంటూ ఏం మిగులుతుంది చెప్పండి.

ఇంకో సంగతి కూడా చూడాలి, పెళ్ళి ఫొటో పెడితే లైకులొస్తాయి, ఇది చెప్తే ఏమొస్తుంది? అమెరికన్ కమెడియన్ ఎలెన్ డీజెనరస్ సంగతే తీసుకోండి. 1997 ఏప్రిల్లో ఆవిడ టైమ్ మ్యాగజైన్ కవర్ మీద తాను గే అని చెప్పింది, అదే నెలలో ఆవిడ కామెడీ సీరియల్లో క్యారెక్టర్ కూడా చెప్పింది, ఆ ఎపిసోడ్‌ని అమెరికాలో 4 కోట్ల మందికి పైగా చూశారు. చూసినవాళ్ళు అంతమంది ఉన్నా మరుసటి ఏడాదికల్లా సీరియల్ ఆపేశారు, తర్వాత కొన్నేళ్ళు ఆవిడకి సరైన పని దొరకలేదు, 2003లో టాక్ షో వచ్చాకే మళ్ళీ నిలబడింది. ఆ ఎపిసోడ్‌లో ఆవిడ పక్కన నటించిన లారా డెర్న్‌కి కూడా ఏడాదికి పైగా అవకాశాలు రాలేదట, ఆ మాట డెర్నే తర్వాత చెప్పుకుంది. పక్కన నిలబడి నటించినందుకే అంత జరిగితే చెప్పిన మనిషి పరిస్థితి ఏంటో ఆలోచించండి.

టెన్నిస్‌లో బిల్లీ జీన్ కింగ్‌ది ఇంకా ఘోరం, ఆవిడ తనంతట తాను చెప్పలేదు, 1981లో పాత పార్ట్‌నర్ కోర్టుకెక్కడంతో బయటపడింది. అబద్ధమని ఖండించమని పక్కనున్నవాళ్ళు సలహా ఇచ్చారు, ఆవిడ ఒప్పుకోలేదు, ప్రెస్ ముందుకొచ్చి నిజమే అంది. ఒక్క రోజులో స్పాన్సర్లందరూ వెళ్ళిపోయారని ఆవిడే చెప్పింది. రిటైర్ అవుదామనుకున్న మనిషి లాయర్ల ఫీజుల కోసం ఇంకా ఆడాల్సొచ్చింది.

ఇవి డబ్బుకీ పనికీ సంబంధించినవి. స్వలింగ సంబంధాలు ఇప్పటికీ నేరంగా ఉన్న దేశాలు ప్రపంచంలో 60కి పైగా ఉన్నాయి, ఉగాండాలో 2023లో తెచ్చిన చట్టంలో కొన్ని సందర్భాలకి మరణశిక్ష కూడా పెట్టారు. మన దగ్గర ఈ సంబంధాల్ని నేరమన్న సెక్షన్ 377ని పెద్దవాళ్ళ పరస్పర ఇష్టానికి వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది 2018 సెప్టెంబర్ 6న, అంటే నిన్నమొన్నే. దానికి ముందు ఏడాది హిందీ సినిమా డైరెక్టర్ కరణ్ జోహార్ తన ఆత్మకథలో తన సెక్సువల్ ఓరియెంటేషన్, అంటే తాను ఎవరిని ఇష్టపడతాడన్నది, అందరికీ తెలుసని, కానీ ఆ మాట నోటితో అంటే జైల్లో పెట్టే అవకాశమున్న దేశంలో అననని రాశాడు. ధైర్యం లేదని అప్పుడు చాలామంది ఆయన్ని తిట్టారు, చట్టాన్ని మాత్రం అంత గట్టిగా తిట్టలేదు, అదే నాకు బాధ.

అదే 2017లో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది జడ్జిల బెంచ్ తీర్పిచ్చింది, సెక్సువల్ ఓరియెంటేషన్ కూడా ఆ ప్రైవసీలో ముఖ్యమైన భాగమని అందులో రాసుంది. ఆ హక్కు ఫేమస్ అయినవాళ్ళకి ఉండదని ఎక్కడా లేదు.

మరి ఎవరూ చెప్పకుండా ఉంటే మంచిదా అంటే అదీ కాదండీ, చెప్పినప్పుడు చాలా మంచి జరుగుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. యాపిల్ కంపెనీని నడుపుతూ టిమ్ కుక్ 2014 అక్టోబర్‌లో ఒక వ్యాసం రాశాడు, గే అయినందుకు గర్వంగా ఉందని. ప్రైవసీ తనకి చాలా ఇష్టమని, కానీ దాన్ని పట్టుకుని కూర్చోవడం వల్ల అంతకంటే ముఖ్యమైన పని చేయలేకపోతున్నానని అనిపించి రాస్తున్నానని అందులోనే చెప్పాడు. అప్పటికి ఆయన వయసు 53, అంత పెద్ద కంపెనీ సీఈఓ, ఉద్యోగం పోతుందనే భయం పెద్దగా లేని స్థానం. ఆ స్థానంలో ఉన్నవాళ్ళు ఎంతమంది చెప్తే అంత మంచిది, కెరీర్ మొదలుపెట్టి రెండు సినిమాలు చేసిన కుర్రాణ్ణి కూడా అదే అడగడం మాత్రం అన్యాయం.

ప్రశ్న: మామూలువాళ్ళెవరూ "నేను స్ట్రెయిట్" అని ప్రకటించుకోరు కదా, వీళ్ళకి మాత్రం ఎందుకు ప్రకటన?

స్ట్రెయిట్‌వాళ్ళు, అంటే ఆడవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళు, మగవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళు, రోజూ ప్రకటిస్తూనే ఉంటారండీ, మనం గమనించం అంతే. ఆడియో ఫంక్షన్‌లో హీరో భార్యని స్టేజీ మీదకి పిలవడం, అవార్డు తీసుకుంటూ మా ఆవిడకి థ్యాంక్స్ అనడం, యాంకర్ హీరోయిన్‌ని మీకు ఎలాంటి అబ్బాయి కావాలి అని అడగడం ఇవన్నీ అవే. గే అయిన మనిషి అదే స్టేజీ మీద తన పార్ట్‌నర్ పేరు ఒక్కసారి అంటే చాలు, మర్నాడు అది హెడ్‌లైన్ అవుతుంది. ప్రకటనగా మార్చేది మనమే.

ప్రశ్న: చెప్పకపోతే పోనీ, కానీ పైకి ఒకటి లోపల ఒకటి బతకడం మోసం కాదా? అమ్మాయిలతో రొమాంటిక్ హీరోగా నటించి, పెళ్ళి కూడా చేసుకుని?

ఇందులో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి, విడదీసి చెప్తాను.

రొమాంటిక్ హీరోగా నటించడం ఉద్యోగం. హంతకుడిగా వేసినవాడు హత్యలు చేసుండాలని మనం అడగం.

పెళ్ళి విషయం మాత్రం మీరు అడిగినదాంట్లో న్యాయం ఉంది. హాలీవుడ్‌లో రాక్ హడ్సన్ అని 1950ల్లో చాలా పెద్ద స్టార్. బయటికి తెలిస్తే మార్కెట్ పోతుందని స్టూడియో, ఏజెంటు అందరూ కలిసి ఆయన ఇమేజ్‌ని కాపాడుకుంటూ వచ్చారు, 1955లో ఏజెంట్ ఆఫీసులో పనిచేసే అమ్మాయితో పెళ్ళయింది, మూడేళ్ళలో విడాకులు. ఆయన సంగతి తెలియకుండానే ప్రేమించి చేసుకున్నానని ఆవిడ తర్వాత పుస్తకం రాసుకుంది. 1985లో ఎయిడ్స్ ఉందని బయటపడ్డాకే జనానికి విషయం తెలిసింది, అదే ఏడాది అక్టోబర్‌లో చనిపోయాడు, పోయేముందు ఎయిడ్స్ రీసెర్చ్‌కి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చాడు.

నా లెక్కలో ఆయన ఫ్యాన్స్‌కి బాకీ ఏమీ లేడు. పెళ్ళి చేసుకుని పక్కన బతికిన మనిషికి మాత్రం తెలియాలి, అక్కడ ప్రైవసీ అనే మాట పనికిరాదు, ఎందుకంటే అది ఆ మనిషి జీవితం కూడా. అది సెలబ్రిటీకీ అంతే, మామూలు మనిషికీ అంతే. ఇంకో మాట కూడా అనాలి, అలాంటి పెళ్ళిళ్ళు ఒక్కడి తప్పుతో జరగవు, పెళ్ళెప్పుడు పెళ్ళెప్పుడు అని ఊపిరాడనివ్వని ఇంట్లోవాళ్ళకీ, పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పే పెద్దలకీ అందులో భాగం ఉంది. పోయేది మాత్రం ఎక్కువసార్లు ఆ అమ్మాయి జీవితమే.

ప్రశ్న: నేను జర్నలిజం చదువుతున్నాను. ఒక నటి గురించి ఇండస్ట్రీలో అందరికీ తెలుసు, ఆవిడ కూడా ఫ్రెండ్స్ దగ్గర దాచదు. అందరికీ తెలిసిందే రాస్తే తప్పేంటి?

మీరు ఈ వృత్తిలోకి వస్తున్నారు కాబట్టి కాస్త పెద్దగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

1975 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పటి అమెరికా ప్రెసిడెంట్ ఫోర్డ్ మీద ఒకావిడ తుపాకీ పేల్చింది. పక్కనే గుంపులో ఉన్న ఆలివర్ సిపుల్ అనే మాజీ సైనికుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు, ప్రెసిడెంట్ బతికాడు. సిపుల్ గే, ఆ ఊళ్ళో స్నేహితులందరికీ తెలుసు, వేరే ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి తెలీదు. రాయొద్దని ఆయన రిపోర్టర్లని బతిమాలుకున్నాడు. అయినా ఒక కాలమిస్ట్ రాసేశాడు, దేశమంతా పేపర్లు ఎత్తుకున్నాయి, తల్లి కొడుకుతో మాట్లాడటం మానేసింది. ఆయన పేపర్ల మీద కేసు వేశాడు, 1984లో ఓడిపోయాడు, అప్పటికే చాలామందికి తెలిసిన విషయం కాబట్టి ప్రైవసీ పోయినట్టు కాదని కోర్టు అంది. అచ్చం మీ వాదనే. కోర్టులో గెలిచింది ఆ వాదన, కానీ ఆ తల్లికి కొడుకు తనంతట తాను చెప్పుకునే అవకాశాన్ని ఎవరు తిరిగిచ్చారు? ఇంకా కష్టమైన సంగతేంటంటే ఆ విషయం కాలమిస్ట్‌కి అందించింది హార్వీ మిల్క్, గేల హక్కుల కోసం పోరాడిన నాయకుడు. గేలలో కూడా హీరోలుంటారని లోకానికి తెలియాలని ఆయన ఆశ. ఆశయం మంచిదే, కానీ ఖర్చు పెట్టింది ఇంకొకరి జీవితాన్ని. ఇక్కడ నేను మిల్క్ పక్షాన నిలబడలేను.

నలుగురికి తెలియడం వేరు, నాలుగు లక్షలమంది చదవడం వేరు. ఆవిడ ఫ్రెండ్స్‌కి చెప్పింది ఫ్రెండ్స్‌కే, మీకు కాదు.

"మీకు రెండు రోజులు టైమిస్తాం, తర్వాత మేం రాస్తాం" అనే పద్ధతి కూడా వద్దు. 2022లో ఆస్ట్రేలియాలో ఒక పెద్ద పేపరు నటి రెబెల్ విల్సన్‌తో అలాగే చేసింది, ఆవిడ వాళ్ళకంటే ముందే తన పార్ట్‌నర్ ఫొటో ఇన్‌స్టాలో పెట్టేసుకుంది. స్కూప్ పోయిందని ఆ కాలమిస్ట్ మళ్ళీ ఫిర్యాదుగా రాశాడు, జనం దుమ్మెత్తిపోస్తే పేపరు ఆ కాలమ్ తీసేసి క్షమాపణ చెప్పింది. నేరుగా అడగడం కూడా ఒక్కోసారి అంతే పని చేస్తుంది. 2000లో టీవీ ఇంటర్వ్యూలో బార్బరా వాల్టర్స్ సింగర్ రికీ మార్టిన్‌ని గే అనే పుకార్ల మీద వదలకుండా అడిగింది, అతను 2010లో తన టైమ్‌కి తాను చెప్పుకున్నాక, అలా అడక్కుండా ఉండాల్సిందని ఆవిడ పశ్చాత్తాపపడింది. ఆ ఇంటర్వ్యూ గాయం తనలో ఇంకా కొంచెం ఉందని ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అతనన్నాడు.

నేను ఒప్పుకునే మినహాయింపు ఒకటుంది, అది కూడా సెలబ్రిటీలకి కాదు, చట్టాలు చేసేవాళ్ళకి. హంగరీ నాయకుడు యోజెఫ్ సాయెర్ ఉన్నాడు, పెళ్ళంటే మగా ఆడా మధ్యే అని ఆ దేశ రాజ్యాంగంలో రాసినవాళ్ళలో ముఖ్యుడు. 2020 చివర్లో లాక్‌డౌన్ రూల్స్ మీరి బ్రస్సెల్స్‌లో మగాళ్ళ సెక్స్ పార్టీలో పోలీసులకి దొరికి పదవి వదిలేశాడు. ఇతరుల జీవితాల మీద చట్టం రాసిన మనిషి ఆ చట్టానికి విరుద్ధంగా బతుకుతుంటే అది వార్త. సింగరూ నటీ ఎవరి మీదా చట్టాలు రాయరు.

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు. నేను గే, ఇంట్లో తెలీదు. నా ఫేవరెట్ యాక్టర్ కూడా అంతేనని అందరూ అంటారు కానీ ఆయన ఎప్పుడూ ఒప్పుకోడు. ఆయన ఒక్కమాట చెప్తే మా అమ్మకి చెప్పడం నాకు ఎంత ఈజీ అయ్యేదో. ఆయనంటే ప్రాణం, ఆయన మీదే కోపం.

తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమైంది. టీవీలో అమ్మ ఇష్టంగా చూసే ముఖం ఒకటి "నేనూ అంతే" అంటే నీ పని సగం అయిపోయేది, అందులో అబద్ధం లేదు.

కానీ కిట్ కానర్ అనే కుర్రాడికి ఏం జరిగిందో చూడు. ఒక సిరీస్‌లో బైసెక్సువల్ క్యారెక్టర్ చేశాడు. నువ్వు నిజంగా అవునో కాదో చెప్పు, కాకపోతే మా కథలు వాడుకుంటున్నావని ట్విట్టర్‌లో వెంటపడ్డారు, వెంటపడింది ద్వేషించేవాళ్ళు కాదు, ఫ్యాన్సే. 2022 అక్టోబర్ చివర్లో ఒక ట్వీట్ పెట్టాడు, అవును నేను బైనే, 18 ఏళ్ళ కుర్రాడితో బలవంతంగా చెప్పించినందుకు అభినందనలు అని. నీ వయసువాడే. నీతో ఎవరైనా అలా చెప్పిస్తే నీకెలా ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ యాక్టర్ గురించి జనం అనేది నిజమో కాదో మనకి తెలీదు, నిజమే అయినా ఆయనింట్లో కూడా ఒక అమ్మ ఉండొచ్చు, ఆయనకే ఇంకా తన సంగతి పూర్తిగా తేలకపోయి ఉండొచ్చు. సింగర్ ఎల్టన్ జాన్ అంతటివాడు 1976లో బైసెక్సువల్ అన్నాడు, గే అని చెప్పడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

నీకు చూపించడానికి ముఖాలు కావాలంటే ఇష్టంతో చెప్పినవాళ్ళు ఉన్నారు. డైవర్ టామ్ డేలీ 2013లో యూట్యూబ్ వీడియోలో చెప్పాడు, అప్పుడు వయసు 19, తర్వాత ఒలింపిక్ గోల్డ్ కూడా కొట్టాడు. మన ద్యుతీ చంద్ 2019లో చెప్పింది, ఇంట్లోనే గొడవైంది, అయినా ట్రాక్ వదల్లేదు, 2021లో 100 మీటర్లు 11.17 సెకన్లలో పరిగెత్తి నేషనల్ రికార్డు కొట్టింది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాలర్ జేక్ డేనియల్స్ 2022లో చెప్పేటప్పటికి వాడికి 17 ఏళ్ళే, అయితే టీవీ కంటే ముందు ఇంట్లో అమ్మకీ తోబుట్టువుకీ చెప్పుకున్నాడు, తర్వాత టీమ్‌వాళ్ళకి, ఆ తర్వాతే కెమెరా.

నువ్వూ అలాగే వరసగా వెళ్ళు. ముందు నిన్ను ఏ పరిస్థితిలోనూ వదలని ఒక్క మనిషిని ఎంచుకో, అక్క కావచ్చు, ఫ్రెండ్ కావచ్చు. చదువు ఫీజు, ఉండే చోటు రెండూ ఇంట్లోవాళ్ళ చేతిలోనే ఉండి, తెలిస్తే గెంటేస్తారు కొడతారు అనే భయం గట్టిగా ఉంటే, అవి నీ చేతికొచ్చేదాకా ఆగడంలో పిరికితనం ఏమీ లేదు. బలవంతంగా డాక్టర్ దగ్గరికో బాబా దగ్గరికో తీసుకెళ్ళి మార్పిస్తామంటే వెళ్ళొద్దు, ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే లిస్టులోంచి తీసేసింది. అమ్మతో మాట్లాడటానికి ముందు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని చూసుకోవాలనిపిస్తే అది మాకు పంపు, ఎక్కడైనా మార్చాలనిపిస్తే రాసి పంపుతాం. అచ్చు వేయం, నీ పేరు ఎవరికీ చెప్పం.