అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌లో ఏం చూసి చేరాలి అన్నదానికి
బేసిక్ కోర్స్ అయిపోయింది, పెద్దవాళ్ల కేర్‌లో అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌కి ఏం చూసి చేరాలి అని అడిగారు కదండీ, నన్నడిగితే ముందు డెలీరియం (ఉన్నట్టుండి వచ్చే అయోమయం), డిమెన్షియా (మతిమరుపు జబ్బు) తేడా గట్టిగా నేర్పేదాంట్లో చేరండి. డిమెన్షియా ఎక్కువగా నెలలు, ఏళ్ల మీద మెల్లగా ముదురుతుంది, డెలీరియం అయితే గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో మనిషే మారిపోతారు, పొద్దున బానే ఉండి సాయంత్రానికి అయోమయం. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్త మందు, ఏదైనా కారణం అవ్వొచ్చు. కొందరు గొడవేం చెయ్యరు, మగతగా పడుంటారు, అదే మిస్సవుతాం (నేనూ అయ్యాను). వయసులే అనుకోకుండా ఎప్పట్నుంచి మారారో వెంటనే నర్స్‌కి చెప్పాలి. తర్వాత బెడ్‌సోర్స్ (కదలకుండా పడుకునేవాళ్లకి పడే పుండ్లు) చూసుకోవడం, మింగలేనివాళ్లకి తినిపించడం కూడా నేర్పాలి. పక్కన సూపర్వైజర్ ఉండి చేయించే ప్రాక్టీస్ లేకపోతే మాత్రం వద్దు, ఒట్టి వీడియోలతో చెయ్యి తిరగదు.