50 మీటర్లకు వెళ్తే బాణాలు ఎందుకు చెదురుతున్నాయి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది మధురవాడ. షిఫ్టు అయ్యాక ఆనందపురం దగ్గర మా మావయ్య గారి మామిడితోటలో రెండేళ్లుగా విలువిద్య ప్రాక్టీసు చేస్తున్నాను. పూర్తిగా లాగడానికి 38 పౌండ్ల బలం పట్టే చెక్క విల్లు, చెక్క బాణాలు, గురి చూడటానికి విల్లుకు బిగించే సైటు లేదు. 20 మీటర్ల నుంచి వేస్తే ఆరు బాణాలూ టిఫిన్ ప్లేటంత చోటులో పడతాయి. 50 మీటర్లకు వెళ్తే మాత్రం ఒకటి బట్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) మీదుగా దాటిపోతుంది, ఇంకోటి ముందే నేలకు గుచ్చుకుంటుంది. 50 పౌండ్ల విల్లు కొంటే సరిపోతుందని ఫ్రెండు అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: వద్దండీ, కొనకండి. కారణం తర్వాత చెప్తాను. బాణం బట్ మీదుగా దాటిపోతోందని చదవగానే నాకు భయమేసింది. మామిడితోట అంటే పశువులు తోలుకెళ్లేవాళ్లు ఉంటారు, కాయలు ఏరుకునే పిల్లలు ఉంటారు. బట్ వెనక ఎత్తైన మట్టికట్ట గానీ, మనిషి రావడానికి వీల్లేని గట్టు గానీ లేకపోతే, అది ఏర్పాటు చేసుకునేదాకా 50 మీటర్ల నుంచి ఒక్క బాణం కూడా వేయకండి.

ఇక అసలు విషయం. మీ బాణాలు పక్కలకు పోతున్నాయని మీరు రాయలేదు, పైకీ కిందకీ పోతున్నాయని రాశారు. సగం జవాబు అందులోనే ఉంది. మీ విల్లు నుంచి బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం, అటూ ఇటూగా అంతే ఉంటుంది. గాలి అడ్డును వదిలేసి లెక్క వేస్తే, 20 మీటర్లు వెళ్లేలోపు బాణం తాను బయల్దేరిన గీత నుంచి దాదాపు 80 సెంటీమీటర్లు కిందకు జారుతుంది. 50 మీటర్లకైతే దాదాపు 5 మీటర్లు, అంటే మేడ మీద ఒకటిన్నర అంతస్తు ఎత్తు. ఇప్పుడు ఒక బాణం సెకనుకు ఒక్క మీటరు తక్కువ వేగంతో వెళ్లిందనుకోండి. 20 మీటర్ల దగ్గర అది 3 సెంటీమీటర్లు కిందకు పడుతుంది, మీ టిఫిన్ ప్లేటులో ఆ తప్పు కనపడనే కనపడదు. అదే తప్పు 50 మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లు అవుతుంది. దూరం రెండున్నర రెట్లు పెరిగితే తప్పు ఆరు రెట్లు పెరిగింది. అంటే ఈ లోపం 50 మీటర్లకు వెళ్లాక కొత్తగా పుట్టింది కాదు, 20 దగ్గర కూడా మీతోనే ఉంది.

వేగం ఎందుకు మారుతుందంటే, ఎక్కువసార్లు కారణం ఒక్కటే, మీరు ప్రతిసారీ తాడును ఒకే పొడవు లాగడం లేదు. దూరం పెరిగేసరికి విల్లు పట్టుకున్న చెయ్యి కొంచెం పైకెత్తుతారు, దాంతోపాటు భుజం కూడా లేస్తుంది, లాగే పొడవు మీకు తెలియకుండానే తగ్గుతుంది. ఎత్తాల్సింది చెయ్యి ఒక్కటే కాదు, చేతులూ భుజాలూ ఉన్నవి ఉన్నట్టే ఉంచి నడుము దగ్గర కొంచెం వంగి పై శరీరం మొత్తాన్ని ఎత్తాలి. రెండో సంగతి, దూరం టార్గెట్ కాబట్టి ఇంకా గురి చూద్దాం, ఇంకా చూద్దాం అని ఆగుతారు, ఆ రెండు సెకన్లలో బాణం మెల్లగా ముందుకు జారిపోతుంది. 50 పౌండ్ల విల్లు వద్దన్నది ఇందుకే. 38 పౌండ్లనే నిలకడగా పట్టుకోలేకపోతుంటే 50తో ఈ జారుడు ఇంకా ఎక్కువవుతుంది, భుజం కూడా పాడవుతుంది.

మీ మావయ్య గారికి ఫోన్ ఇచ్చి పక్క నుంచి వీడియో తీయమనండి. పూర్తిగా లాగినప్పుడు బాణం విల్లును దాటే చోట సన్నటి రంగు టేపు చుట్టండి. వదిలే క్షణానికి ఆ టేపు ప్రతిసారీ అదే చోట ఉందా, ముందుకు వచ్చేసిందా అన్నది స్లో మోషన్‌లో తెలిసిపోతుంది. తర్వాత ఓ పదిహేను రోజులు కాగితం టార్గెట్ తీసేసి, బట్‌కు నాలుగైదు మీటర్ల దగ్గర నిలబడి వేయండి. గురి అక్కర్లేదు. వీపు కండరాలతో లాగడం, చెయ్యి దవడ దగ్గర ఒకే చోట ఆనడం, వేళ్లు వదులు కావడం, ఈ మూడే చూసుకోండి. విసుగొస్తుంది, నిజమే, కానీ ఇంతకంటే త్వరగా ఫలితం ఇచ్చే సాధన నాకు ఇంకోటి తెలియదు. ఆ ఆన్చే చోటు కూడా తక్కువదేం కాదు, అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 50 మీటర్ల దగ్గర 7 సెంటీమీటర్లు తేడా వస్తుంది.

గురి సంగతికి వస్తే, సైటు లేనివాళ్లకు బాణం మొనే సైటు. మొనను సరిగ్గా టార్గెట్ మధ్యలోని పసుపు వృత్తం మీద పెట్టి వదిలితే బాణం కూడా పసుపులోనే పడే దూరం ఒకటి ప్రతి విల్లుకూ ఉంటుంది. మీది 45 కావచ్చు, 60 కావచ్చు, వేసి కనుక్కోండి. అంతకంటే దగ్గర నుంచి వేస్తే మొనను కిందకు పెట్టాలి, దాన్ని దాటితే పైకి. నాక్‌కు, అంటే బాణం తోకలో తాడు ఇరికే గాడికి, పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెట్టి లాగేవాళ్లు ఉంటారు. అలా కాకుండా నాక్ కిందే మూడు వేళ్లూ పెట్టి లాగితే బాణం కంటికి దగ్గరవుతుంది కాబట్టి ఆ దూరం తగ్గుతుంది. రెండు పద్ధతులూ మంచివే, అయితే ఒకటి ఎంచుకున్నాక వారానికోసారి మార్చకండి.

బాణాల మీద 1, 2, 3 అని నంబర్లు వేయండి. ఏ బాణం ఎక్కడ పడిందో నోట్‌బుక్‌లో రాసుకుంటే, పది రౌండ్లయ్యాక ఎప్పుడూ కిందకే పోయే బాణం ఒకటి పట్టుబడుతుంది. చెక్క బాణాలు ఒకే పొడవున్నా ఒకే బరువు ఉండవు, తెలిసిన బంగారం షాపులో తూకం వేయించండి, బరువైనది నెమ్మదిగా వెళ్తుంది. వేసే ముందు ప్రతి బాణాన్నీ కొంచెం వంచి పగులు ఉందేమో చూడటం మాత్రం మానకండి, పగిలిన బాణం వదిలే క్షణంలో చేతిలోకి దిగబడుతుంది.

సాయంత్రం పూట మన విశాఖలో సముద్రపు గాలి గట్టిగానే ఉంటుంది, వెడల్పైన ఈకలున్న బాణాన్ని అది బాగా లాగేస్తుంది. సెలవు రోజు పొద్దున్నే ఆరింటికి వెళ్లి వేసి చూడండి. అప్పుడు కూడా పైకీ కిందకీ చెదిరితే గాలిని తప్పుపట్టలేం. దూరాన్ని కూడా 20 నుంచి ఒకేసారి 50కి పెంచకుండా ఐదేసి మీటర్లు వెనక్కి జరగండి, చిన్న కాగితం తీసేసి పెద్దది పెట్టండి. సైటు లేకుండా ఆడే బేర్‌బో పోటీల్లో కూడా 50 మీటర్లకు 122 సెంటీమీటర్ల టార్గెట్ పెడతారు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కూడా 50 మీటర్ల దూరంలోనే. ఆమెది కాంపౌండ్ విల్లు, అంటే చివర్లలో చక్రాలుండే విల్లు, సైటూ లెన్సూ అన్నీ ఉంటాయి. అవేవీ లేకుండా మీరు అదే దూరానికి వెళ్తున్నారు, కాబట్టి ఆరు బాణాల్లో నాలుగు ఆ పెద్ద కాగితం మీద పడినా 50 మీటర్లలో మొదటి ఆరు నెలలకు అది చాలా మంచి ఫలితం.

ప్రశ్న: సర్, నేను గోపాలపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. ఇండియన్ రౌండ్ ఆడతాను, అంటే వెదురు విల్లుతో ఆడే మన దేశీ విభాగం. వానలు మొదలైనప్పటి నుంచి 30 మీటర్లు బాగానే ఉంది, 50 మీటర్లలో మాత్రం అన్నీ కిందకే పడుతున్నాయి. నా తప్పా, విల్లు తప్పా?

జవాబు: అన్నీ ఒకేలా కిందకు పడుతుంటే అది విల్లు నుంచి వచ్చిందే అయ్యుంటుంది తమ్ముడూ. వెదురు తేమ పీల్చుకుంటే తాడు వదిలాక వెనక్కి తన్నే ఊపు తగ్గుతుంది, మన ఊళ్లో వానాకాలపు తేమ గురించి నీకు చెప్పక్కర్లేదు. 30 మీటర్లలో ఆ తగ్గుదల చిన్నదిగా కనిపిస్తుంది, 50లో బయటపడుతుంది. తాడుకూ విల్లుకూ మధ్య ఎత్తును రోజూ వేసే ముందు స్కేలుతో కొలిచి రాసుకో, తాడు సాగి ఆ ఎత్తు తగ్గి ఉంటే తాడును నాలుగు మెలికలు తిప్పి సరిచేయి. ఈకలు తడిస్తే అణిగిపోయి బాణం ఊగుతుంది, అందుకే బాణాలను మూత ఉన్న గొట్టంలో పెట్టుకో. ప్రాక్టీసు అవ్వగానే తాడు విప్పేసి, విల్లును పొడిగుడ్డతో తుడిచి, గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పెట్టు. మూలకు ఆనించి నిలబెట్టకు, వంకర తిరుగుతుంది. త్వరగా ఆరుతుందని ఎండలో గానీ పొయ్యి దగ్గర గానీ అస్సలు పెట్టకు, పగిలిపోతుంది.