అవతార్ కాళ్లు మన మాట వినాలంటే

ప్రశ్న: నేను కూచిపూడి నేర్చుకుంటున్నాను. వీఆర్ (కంప్యూటర్ సృష్టించే లోకం) హెడ్‌సెట్ పెట్టుకుంటే ఎదురుగా అద్దంలో ఒక అవతార్, అంటే నా బదులు ఉండే బొమ్మ, కనిపించాలని, నేను ఆడినట్టే అది ఆడాలని, అది నా ఒళ్లేనని నాకు అనిపించాలని కోరిక. ఇంట్లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఉంది. మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్ ఒక్కటి కొంటే సరిపోతుందా? డబ్బు దేనిమీద పెట్టాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చేయదలచింది నాట్యం కనుక హెడ్‌సెట్ ఒక్కటే సరిపోదు. దానికి నమ్మకంగా తెలిసేది మీ తల, రెండు చేతులు ఎక్కడున్నాయన్నది మాత్రమే. నడుము కింది భాగాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. మీరు అరమండిలోకి దిగి మోకాళ్లను పక్కలకు తెరిస్తే, తల కిందికి వచ్చిందన్న ఒక్క ఆధారంతో అది మిమ్మల్ని మామూలుగా గుంజీ తీస్తున్న మనిషిలా చూపించవచ్చు. అద్దంలో ఆ మోకాళ్లు ముందుకు వంగి కనిపించగానే ఇది నా ఒళ్లు కాదని మనసు పక్కకు తప్పుకుంటుంది.

అవతార్ ఎంత అందంగా ఉందన్నదానికన్నా, అది మనతో కలిసి కదులుతోందా లేదా అన్నదే ముఖ్యం. 1998లో బోట్వినిక్, కోహెన్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో ప్రకటించిన ప్రయోగంలో, మనిషి చేతిని కనపడకుండా దాచి, ఎదురుగా ఒక రబ్బరు చేతిని ఉంచి, రెండింటినీ ఒకేసారి కుంచెలతో నిమిరారు. కాసేపటికి ఆ స్పర్శ రబ్బరు చేతిమీదే తగులుతున్నట్టు వారికి తోచింది. నిమిరే వేళలు కలవనప్పుడు ఆ భ్రమ బాగా తగ్గిపోయింది. 2010లో మెల్ స్లేటర్ బృందం వీఆర్‌లో చేసిన ప్రయోగం, వీఆర్‌లోని శరీరపు కళ్లున్న చోటునుంచే లోకాన్ని చూడడం ఎంత బలమైన కారణమో చూపింది. అందువల్ల మీ ఎత్తును, చేతుల పొడవును సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా నమోదు చేయడానికి ఒక పూట కేటాయించండి. దానికి రూపాయి ఖర్చు లేదు, చాలామంది చేయరు.

ఇక కాళ్ల సంగతి. ఒంటికి కట్టుకుంటే ఆ భాగం కదలికను కంప్యూటర్‌కు తెలిపే చిన్న పరికరాలే ట్రాకర్లు. గది మూలల్లో బేస్ స్టేషన్లనే పెట్టెలు పెట్టి వాడే వైవ్ ట్రాకర్లు చాలా కచ్చితమైనవి, కానీ ఖరీదైనవి. పైగా వాటి కొలతలను క్వెస్ట్ కొలతలతో జతపరచడం మరో తలనొప్పి, గదిలో నిలువుటద్దం ఉంటే ఆ పెట్టెల కిరణాలు దానిమీద పడి తిరిగి రాకుండా దుప్పటి కూడా కప్పాలి. మీకు స్లైమ్‌వీఆర్ ట్రాకర్లు నయమని నా అభిప్రాయం. ఇవి కెమెరాలు అక్కరలేని కదలిక సెన్సర్లు. వీటి డిజైన్ అందరికీ అందుబాటులో ఉంది కనుక టంకం పెట్టడం వచ్చినవారు సొంతంగానూ తయారు చేసుకుంటున్నారు. నడుముకో ఛాతీకో ఒకటి, తొడలకు రెండు, పిక్కల కింద రెండు, మొత్తం 5 కనీసం కావాలి. మీకు మాత్రం పాదం ఎటు తిరిగిందన్నది కూడా ముఖ్యం కనుక పాదాలకు మరో రెండు కలపండి.

వీటికొక లోపం ఉంది: వాడుతున్న కొద్దీ దిశ మెల్లగా పక్కకు జరుగుతుంది, అప్పుడు నిటారుగా నిలబడి రీసెట్ చేయాలి. నాట్యంలో అడుగు గట్టిగా వేస్తారు కనుక ఇది మరింత త్వరగా రావచ్చు. గజ్జెలు కట్టుకుంటే ట్రాకర్‌ను వాటికి తగలకుండా పైన, పిక్క కిందుగా, జారకుండా బిగించండి. ట్రాకర్లు సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైమీద పనిచేస్తాయి. హెడ్‌సెట్‌కు 5 గిగాహెర్ట్జ్ కావాలి. కాబట్టి రెండూ ఉన్న రౌటర్‌ను అదే గదిలో పెట్టి, కంప్యూటర్‌ను దానికి కేబుల్‌తోనే కలపండి.

ముద్రల విషయంలో ఆశ తగ్గించుకోక తప్పదు. కంట్రోలర్లు పక్కన పెడితే క్వెస్ట్ కెమెరాలు వేళ్లను గుర్తిస్తాయి, వేళ్లు కలిపి చాపే పతాకం చక్కగా వస్తుంది. కటకాముఖంలా వేళ్లు ఒకదాన్నొకటి కప్పే ముద్రల్లో తడబడతాయి, చేయి వెనక్కు వెళితే జాడే ఉండదు. అవతార్ కోసం బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, పిక్సివ్ సంస్థవారి వీరాయిడ్ స్టూడియోను ఉచితంగా వాడుకోవచ్చు. తయారైన బొమ్మను యూనిటీ అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో సరిచేసి, అవతార్లతో జనం కలుసుకునే వీఆర్‌చాట్‌లోకి ఎక్కిస్తే అక్కడ అద్దాలున్న గదులు బోలెడు. చీర కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకోవాలన్న కోరికను ప్రస్తుతానికి వాయిదా వేయండి.

చివరగా, సీలింగ్ ఫ్యాన్. హెడ్‌సెట్ పెట్టుకున్నవారికి అది కనపడదు, నాట్యంలో చేతులు పైకి లేస్తాయి. ఎత్తు తక్కువ గదిలో దాన్ని ఆపి, ఒక మూల టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. గాలి తగిలే వైపునుబట్టి మీరు ఎటు తిరిగి ఉన్నారో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: వీఆర్‌లో నడిస్తే కళ్లు తిరుగుతున్నాయి. హెడ్‌సెట్ లోపమా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సాధారణంగా కాదు. మీరు నిలబడే ఉండి, కంట్రోలర్ స్టిక్ తిప్పి అవతార్‌ను నడిపిస్తే, కళ్లు కదిలామంటాయి, లోపలి చెవి కదలలేదంటుంది. ఒక చోటినుంచి మరో చోటికి ఒక్కసారిగా దూకే టెలిపోర్ట్ పద్ధతికి మారండి, లేదా ఉన్న చోటనే నిజంగా అడుగులు వేయండి. కనుపాపల మధ్య దూరానికి లెన్సులు సరిపోయాయో లేదో కూడా ఒకసారి చూసుకోండి. తిరుగుడు మొదలైతే ఓర్చుకోకుండా హెడ్‌సెట్ వెంటనే తీసేయండి.