నోటిమాట మీద ఇల్లు కట్టుకోనిస్తే ఆ జాగా ఎవరిది?

ప్రశ్న: మాది కోనసీమలో గౌతమి ఒడ్డున ఉన్న లంక గ్రామం. మా చర్చి పక్కన నలభై సెంట్ల కొబ్బరి దొడ్డి ఉంది. 1968లో ఒక రైతు దానపత్రం రాసి ఇచ్చారు. గోదావరి పొంగినప్పుడల్లా ఏటిగట్టు మీదికి చేరే ఎనిమిది నిరుపేద కుటుంబాలకు తలా రెండు సెంట్లు ఇవ్వాలని పాస్టరు గారి కోరిక. తెల్ల కాగితం మీద సంతకాలు తీసుకుని ఉండనిద్దామని కొందరు, ఒకసారి కూర్చోబెడితే మళ్ళీ లేవరని మరికొందరు అంటున్నారు. చట్టం ఏమంటుంది?
– ఒక సంఘ కార్యదర్శి

జవాబు: ‘లేవరు’ అన్నవారి మాట కటువుగా ఉన్నా చట్టం వారి వైపే ఉంది. ఇతరుల స్థలంలో ఉండడానికి ఇచ్చే అనుమతిని మామూలుగా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కానీ 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టంలో 60వ సెక్షన్ చదవండి. ఆ అనుమతిని నమ్ముకుని సొంత ఖర్చుతో శాశ్వత నిర్మాణం చేపడితే, ఇచ్చినవారు ఇక దాన్ని వెనక్కి తీసుకోలేరు. తాటాకు పాక వేసుకున్నంతవరకు ఒక లెక్క, పునాది తవ్వి ఇటుక పేర్చాక ఇంకో లెక్క. అలాగని తెల్ల కాగితం ఆ కుటుంబానికైనా అక్కరకు వస్తుందా అంటే, అదీ లేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షల సాయానికి వెళితే, జాగా మీదేనా అని అడుగుతారు. అప్పుడు ఆ కాగితం చూపించి ఏం లాభం?

ముందు బీరువాలోంచి ఆ 1968 దానపత్రం తీయండి. హద్దులు చదివి ఆపేయకండి, ‘ఎందు నిమిత్తం’ అన్న వాక్యం దగ్గర ఆగండి. ‘ప్రార్థన మందిరం, దాని అవసరాల కొరకు’ అని ఉంటే దొడ్డిని ముక్కలు చేసి పంచే అధికారం కమిటీకి లేదు. ధార్మిక ఆస్తిని దాత ఉద్దేశానికి విరుద్ధంగా వాడితే, సంఘంలో ఇద్దరు చేయి కలిపినా కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. ఒకవేళ మీది పెద్ద మండలికి చెందిన చర్చి అయితే ఆస్తి స్థానిక కమిటీది కాకపోవచ్చు. ఉదాహరణకు, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఆస్తులు దాని ట్రస్టు అసోసియేషన్ పేరున ఉంటాయి.

లంక భూమి కాబట్టి ఇంకొక మాట. ఆ రైతుది డి-పట్టానా (ప్రభుత్వం ఇచ్చిన భూమి), జిరాయితీనా (సొంత పట్టా భూమి)? ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే, అలాంటి భూముల బదిలీపై ఆంక్షలు పెట్టిన 1977 చట్టంతో చిక్కు వస్తుంది. ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం), అడంగల్ (గ్రామ భూముల లెక్క), సబ్ రిజిస్ట్రారు దగ్గరి 22ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక) మూడూ చూసుకున్నాకే పాస్టరు గారిని మాట ఇవ్వనివ్వండి.

ఇవన్నీ సవ్యంగా ఉంటే నా ఓటు రిజిస్టరు చేసిన దీర్ఘకాలపు లీజుకే. దానంగా ఇస్తే రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. ‘ఎన్నటికీ అమ్మరాదు’ అని అందులో రాసినా, ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఆ షరతు చెల్లదు. అంటే రేపు ఆ రెండు సెంట్లు ఏ రొయ్యల చెరువు ఆసామి చేతికి పోయినా మీరు చూస్తూ ఉండాల్సిందే. అదే సెక్షన్ లీజుకు మినహాయింపు ఇచ్చింది. నామమాత్రపు అద్దె, భార్యాభర్తలిద్దరి పేర్లు, వారసులకు కొనసాగింపు, ఇతరులకు బదిలీ కుదరదన్న షరతు, కట్టిన ఇల్లు ఎవరిదన్న సంగతి అన్నీ అందులో రాయండి. ఏడాది మించిన లీజు రిజిస్టరు కాకపోతే చెల్లదు. ఇంటి పథకానికి లీజు పత్రం ఒప్పుకుంటారో లేదో హౌసింగ్ అధికారిని ముందే అడగండి. ఒప్పుకోకపోతే, దానపత్రం అనుమతించినంత మేరకు, దానం గురించి అప్పుడు ఆలోచిద్దాం.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ, గోడల కోసం చందా అడిగేది గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లనే కదా! కువైట్‌లో పనిచేస్తున్న భారత పౌరులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే మాత్రం అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు.

సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయించి, దానపత్రం నకలు, ఈసీలతో రండి. లీజు ముసాయిదా అప్పుడు రాద్దాం. ఈలోగా ఏ కుటుంబాన్నీ పునాది తవ్వనివ్వకండి. వరద వస్తే ప్రార్థన మందిరంలో తలదాచుకోనివ్వండి, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు.