49 రూపాయలే కదా!

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఒంగోలు, పదేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. నాకు 34 ఏళ్ళు, చదవడమంటే పిచ్చి. ఆఫర్ పడి 399 రూపాయల ఈబుక్ 49కే కనపడితే నా వేలు ఆగదు. మొన్న కూర్చుని లెక్కపెడితే కిండిల్‌లో చదవనివి 312 తేలాయి. నెలకి ఒకటి చదివితే గొప్ప, అదీ కంపెనీ బస్సులో. "చీరలైతే కనీసం బీరువాలో కనపడతాయి, నీ షాపింగ్ అదీ లేదు" అని మా ఆయన ఎగతాళి. ఈసారి కొంటే కిండిల్ దాచేస్తానంటున్నాడు. ఈ జబ్బు ఎలా పోతుంది? ఉన్నవన్నీ డిలీట్ చేసెయ్యనా?
- పేరు వద్దు, బెంగళూరు

జవాబు: ముందు ఓ లెక్క చెప్తాను, తిట్టుకోకు. 312ని 12తో భాగిస్తే 26. ఈ రోజు నుంచి ఒక్కటి కూడా కొనకుండా ఉంటే, నీకు 60 ఏళ్ళు వచ్చేసరికి అన్నీ పూర్తవుతాయి!

రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటానంటావేమో. కొన్నామని మనం అనుకుంటాం గానీ ఈబుక్‌లో చాలాసార్లు మన చేతికొచ్చేది చదువుకునే అనుమతి మాత్రమే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసేసినప్పుడు పాఠకులకి డబ్బు తిరిగిచ్చింది, పుస్తకాలు మాత్రం ఇక తెరుచుకోలేదు. ఆవకాయ కూడా ఇంట్లో ఎంతమంది తింటారో చూసుకునే పెడతాం కదా, పాతికేళ్ళకి సరిపడా ఎవరైనా పెడతారా?

నేనూ తక్కువదాన్నేం కాదులే. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు కొనే రోజుల్లో సంచి బరువెక్కి భుజం లాగితే తప్ప ఆగేదాన్ని కాదు, ఇంటికొచ్చాక పెట్టే చోటు లేక అత్తగారి చూపులు వేరే. ఈబుక్కి బరువూ లేదు, దుమ్మూ లేదు, అత్తగారూ లేరు. అందుకని ఆ అడ్డంకులేవో మనమే పెట్టుకోవాలి.

మొదటిది డబ్బు దగ్గర. వాలెట్‌లో బ్యాలెన్స్ ఉంచకు, కార్డు వివరాలు సేవ్ చెయ్యకు. నంబరు కొట్టి, ఓటీపీ కోసం ఎదురు చూసే ఆ నిమిషంలో సగం మోజు దిగిపోతుంది, నా అనుభవం. చదివేటప్పుడు కిండిల్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, బ్యాటరీ కూడా ఎక్కువ వస్తుంది. ఆఫర్ల మెయిల్స్ ఈ రోజే ఆపించెయ్.

ఏదైనా పుస్తకం మరీ నోరూరిస్తే శాంపిల్ దించుకో, అది ఉచితం. శాంపిల్ పూర్తిచేశాక కూడా మిగతాది కావాలనిపిస్తేనే కొను. నిజం చెప్పాలంటే నేను దించుకున్న శాంపిల్స్‌లో చాలావాటికి మూడో పేజీ కూడా తిప్పలేదు, అవన్నీ కొని ఉంటే ఎంత వదిలేదో! ఈలోగా ఆఫర్ అయిపోతుందని టెన్షన్ పడకు. ఈబుక్‌కి ఇంకో కాపీ అమ్మడానికి కాగితం ఖర్చు లేదు, ప్రింటింగ్ లేదు, అందుకే ధర మళ్ళీ మళ్ళీ దించగలుగుతారు. ఒకవేళ దించకపోయినా, నచ్చిన పుస్తకానికి 399 పెట్టడం నష్టం కాదు, చదవని దానికి 49 పెట్టడమే దండగ.

డిలీట్ మాత్రం చెయ్యకు. అకౌంట్‌లోంచి పూర్తిగా తీసేస్తే మళ్ళీ కావాలంటే డబ్బు పెట్టి కొనాలి. కిండిల్‌లోంచి తీసేస్తే చాలు, క్లౌడ్‌లో అలాగే ఉంటాయి. మూడంటే మూడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, ఒకటి అయ్యాకే ఇంకోటి. నచ్చని పుస్తకాన్ని 30 పేజీల దగ్గర వదిలేసినా తప్పులేదు, అది కూడా లెక్కలోంచి తగ్గినట్టే.

మీ ఆయన కిండిల్ దాచేస్తానంటే ఒప్పుకోకు. చదివే వస్తువు ఆయన దగ్గరికి పోయి, కొనే ఫోను నీ చేతిలోనే ఉంటుంది.